కానుక అడగని ఆదివారం: ఔదార్యం మీద ప్రసంగం సిద్ధం చేసుకునే తీరు

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఇవ్వడం గురించి వాక్యం మొదలైందంటే, చాపల మీద కూర్చున్న చాలామందికి ముందు వచ్చే ఆలోచన ఒకటే: ఈసారి దేనికి అడుగుతున్నారు? మందిరం స్లాబు ఆగిపోయిందా, మైకు సెట్టు పోయిందా, కూటాలకు షామియానా డబ్బులు చాల్లేదా? వాళ్ళను తప్పుపట్టలేం. చాలా చోట్ల ఆ ప్రసంగం అప్పు తరుముకొచ్చిన వారమే పుడుతుంది. అలా పుట్టిన ప్రసంగంలో ఎంత మంచి వచనం చదివినా, వినేవాళ్ళకు వినబడేది అప్పే.

పౌలుకు ఈ ఇబ్బంది తెలుసు. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం కొరింథువాళ్ళను డబ్బు కూడబెట్టమన్నప్పుడు, ప్రతి ఆదివారం ఎవరికి వాళ్ళు తమ దగ్గరే కొంత పక్కన పెట్టుకోమన్నాడు. తాను వచ్చిన రోజున చందా పోగుచేసే పని ఉండకూడదన్నాడు (1 కొరింథీ 16:2). ఈ మార్గదర్శి అంతా ఆ మాట మీదే నడుస్తుంది. ఔదార్యం గురించి చెప్పాల్సింది ఏమీ వసూలు చేయనక్కర్లేని ఆదివారం. పల్లెల్లో వాక్యం చెప్పే పాస్టర్లకు, పాస్టరు గారు ఊళ్ళో లేనప్పుడు నిలబడే సంఘ పెద్దలకు, స్త్రీల కూడికల్లో మాట్లాడే అక్కలకు ఇది రాస్తున్నాను. చివరి భాగం మాత్రం వాళ్ళ వెనక ఉండాల్సిన సంఘానికి.

ముందు క్యాలెండరు చూడండి

మన ఇళ్ళలో డబ్బు ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. వరి కోసి, నూర్చి, ధాన్యం అమ్మి, అప్పులు పోను ఎంత మిగిలిందో తెలిసేసరికి సంక్రాంతి వస్తుంది. పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు జీడి తోటలవాళ్ళకు చేతిలో నాలుగు రూపాయలు ఆడేది వేసవిలో. అదే వేసవిలో బారువ, భావనపాడు, కళింగపట్నం, ఇటు విజయనగరం వైపు కోనాడ, చింతపల్లి తీరాల్లో పడవలు ఒడ్డెక్కి ఉంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ తర్వాత బడులు తెరుస్తారు. పుస్తకాలు, ఫీజులు, విత్తనాలు, దుక్కి కూలి అన్నీ ఒకేసారి మీద పడతాయి. డ్వాక్రా వాయిదా ఎటూ ఏ నెలా ఆగదు.

ఈ లెక్క తెలియకుండా జూన్ మూడో ఆదివారం ‘దేవునికి ఇవ్వండి’ అని ప్రసంగిస్తే, వాక్యం తప్పు కాకపోయినా వినే మనసు అక్కడ ఉండదు. మీ సంఘంలో ఎవరి చేతికి ఏ నెలలో డబ్బు వస్తుందో, ఏ నెలలో పోతుందో ఒక కాగితం మీద రాసుకోండి. దాన్ని చూసి, ఒత్తిడి లేని ఆదివారాలు రెండో మూడో ఏరి పెట్టుకోండి. ఏడాదికి అవి చాలు.

కోత పండుగ రోజు ఇవ్వడం గురించి చెప్పడం సులువనిపిస్తుంది. బియ్యం బస్తాలు, గుమ్మడికాయలు, కోళ్ళు, కొబ్బరి గెలలు ఎదురుగా ఉంటాయి. కానీ ఆ రోజు జనం ఇప్పటికే తెచ్చారు. తెచ్చినవాళ్ళకు తెమ్మని చెప్పడం ఎందుకు? ఆ రోజు కృతజ్ఞత గురించి చెప్పండి. ఔదార్యం మీద ప్రసంగానికి ఇంకో వారం చూసుకోండి.

మత్స్యకార సంఘంలో వేట నిషేధం నెలల్లోనే చెప్పాల్సి వస్తే మాట తిప్పండి. సాయం పుచ్చుకోవడంలో సిగ్గు లేదని చెప్పండి. కరువు రాబోతోందని అగబు అనే ప్రవక్త చెప్పగానే అంతియొకయ శిష్యులు ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు పోగుచేసి యూదయకు పంపారు (అపొ. కార్యములు 11:27-30). ఆ డబ్బు అందుకున్నవాళ్ళు తక్కువవాళ్ళు కారు, వాళ్ళది అపొస్తలుల దగ్గర మొదలైన సంఘం. పుచ్చుకోవడం చేతకాని సంఘానికి ఇవ్వడం కూడా సరిగా రాదని నా అభిప్రాయం.

ఆ ఆదివారం మామూలు కానుక ప్రసంగానికి ముందే పట్టేయండి. ప్రత్యేక కానుక ఏదీ ప్రకటించకండి. ప్రసంగం అయ్యాక ప్రార్థన, దీవెన, అంతే. ఈ చిన్న మార్పుతోనే ప్రసంగం సగం గెలుస్తుంది.

ఐదు ఇళ్ళు రాసుకోండి

బైబిలు తెరిచాక, ప్రసంగం రాయడం మొదలుపెట్టకముందు, ఐదు ఇళ్ళను మనసులోకి తెచ్చుకోండి. పింఛను మీద బతికే ఒంటరి ముసలామె. భర్త గుజరాత్‌లోని వేరావల్‌కు బోటు పనికి వెళ్ళిన ఇల్లు. కొడుకూ కోడలూ హైదరాబాదులో భవన నిర్మాణ పనికి పోతే, మనవలను చూసుకుంటున్న తాతా నాయనమ్మ. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం అయితే, ఆ జబ్బుతో డయాలసిస్‌కి తిరుగుతున్న మనిషి. పంట పోయినా కౌలు కట్టక తప్పని రైతు. మీ సంఘంలో ప్రభుత్వ ఉద్యోగి ఉంటే ఆయన ఇల్లూ చేర్చుకోండి, ఆయన కూడా మీ మాట వినాలి కదా.

ప్రతి ఇంటి కింద ఒక ప్రశ్న రాయండి: వీళ్ళు ఇప్పటికే ఏం ఇస్తున్నారు? ఎదురింటి పిల్లకు రోజూ జడ వేసి బడికి పంపే అమ్మమ్మ ఉంటుంది. ఎవరింట్లో చావు జరిగినా ముందుగా వెళ్ళి పొయ్యి అంటించే అక్క ఉంటుంది. పని మానుకుని పక్కింటాయన్ను బండి మీద పలాస దాకా డయాలసిస్‌కి తీసుకెళ్ళే కుర్రాడు ఉంటాడు. వీళ్ళ పేర్లు కానుకల పుస్తకంలో ఎక్కడా కనబడవు. వీటిని చూడని ప్రసంగీకుడు సంఘాన్ని ఇచ్చేవాళ్ళు, ఇవ్వనివాళ్ళు అని రెండుగా చీల్చేస్తాడు. చూసినవాడు, దేవుడు ఇప్పటికే ఇక్కడ మొదలుపెట్టిన పనికి పేరు పెట్టి చూపిస్తాడు. రెండో రకం ప్రసంగం విన్న మనిషి ఇంటికి వెళ్ళేటప్పుడు నడుము నిటారుగా ఉంటుంది.

ఆ కాగితం మాత్రం మీ దగ్గరే ఉండాలి. పేర్లు పులిపిటం (ప్రసంగ వేదిక) మీదికి రాకూడదు.

ఒక్క వాక్యభాగం తీసుకోండి, చుట్టూ ఉన్నది కూడా చదవండి

ఇవ్వడం మీద వచనాలు ఇరవై పోగుచేసి వరసగా చదివితే అది ప్రసంగం కాదు. ఒక్క భాగం తీసుకుని దాని ముందు అధ్యాయం, వెనక అధ్యాయం చదవండి. మనవాళ్ళు ఎక్కువగా వాడే రెండు భాగాలను చూద్దాం.

మొదటిది మలాకీ 3:10. దశమ భాగం (రాబడిలో పదో వంతు దేవునికి ఇవ్వడం) అనగానే అందరూ తెరిచేది ఇక్కడే. అదే అధ్యాయంలో అయిదో వచనం చదివి చూడండి: కూలివాని కూలి విషయంలో అన్యాయం చేసేవాళ్ళ మీద, విధవరాండ్రను, తండ్రిలేని పిల్లలను బాధపెట్టేవాళ్ళ మీద, పరదేశిని తోసేసేవాళ్ళ మీద దేవుడు సాక్ష్యం చెప్తానంటున్నాడు. పదో వచనం చదివి అయిదో వచనం వదిలేస్తే సగం మలాకీనే చెప్పినట్టు. పదో భాగం ఎక్కడికి పోయేదో కూడా చూడాలి. ద్వితీయోపదేశకాండము 14:28-29 ప్రకారం మూడేళ్ళకొకసారి ఆ పంట ఊరి గుమ్మాల్లోనే పెట్టాలి. లేవీయులు, పరదేశులు, తండ్రిలేని పిల్లలు, విధవరాండ్రు వచ్చి తిని తృప్తి పొందాలి. అంటే మీ సంఘానికి వచ్చిన దాంట్లో కొంత అదే ఊళ్ళోని ఒంటరి ముసలామె గిన్నెలోకి చేరాలి. ఇది చెప్పకుండా దశమ భాగం అడగడం న్యాయం కాదు.

రెండోది బీద విధవరాలి రెండు కాసులు, మార్కు 12:41-44. ‘ఆమె ఉన్నదంతా వేసింది, మీరెందుకు వేయరు?’ అని ఈ కథ చెప్పడం చాలాసార్లు వింటాం. దానికి సరిగ్గా ముందున్న వచనం చూడండి. విధవరాండ్ర ఇళ్ళను దిగమింగుతూ, నలుగురికీ కనబడేలా దీర్ఘ ప్రార్థనలు చేసే శాస్త్రుల గురించి యేసు హెచ్చరిస్తున్నాడు. ఆ హెచ్చరిక వెనకే ఈ విధవరాలు వస్తుంది. ఆ వెంటనే, 13వ అధ్యాయం మొదట్లో, ఆ దేవాలయంలో రాయి మీద రాయి నిలవదని చెప్తాడు. ఈ క్రమంలో చదివితే కథ రెండు వైపులా కోస్తుంది. ఆమె ఔదార్యాన్ని యేసు గొప్పగా చూశాడు, అది నిజం. ఆమె దగ్గర ఆఖరి కాసులు మాత్రమే మిగిలేలా చేసిన వ్యవస్థను కూడా ఆయన చూశాడు. ఈ భాగం మీద ప్రసంగం చేస్తే ముందు దాన్ని వినాల్సింది పులిపిటం వెనక ఉన్నవాళ్ళు. పింఛను డబ్బుతో బతికే అమ్మ ముందు దీన్ని ఎత్తుకుంటే, ‘అమ్మా, నీ దగ్గర అడగడానికి రాలేదు, ఆయన నిన్ను చూస్తున్నాడని చెప్పడానికి వచ్చాను’ అనే ధైర్యం మీకుండాలి.

ప్రసంగాన్ని కట్టే పద్ధతి

మొదటిసారి చెప్పేవాళ్ళకు నేను సూచించే భాగం 2 కొరింథీ 8:1-15. ఇందులో పేదలే ముందు నడుస్తారు కాబట్టి మన పల్లెలకు బాగా అతుకుతుంది.

ముందు ప్రసంగమంతా ఒక్క మాటలో రాయండి. ఉదాహరణకు: ‘క్రీస్తు మనకోసం దరిద్రుడయ్యాడు కాబట్టి, ఉన్నవాడూ లేనివాడూ ఒకరి కొరత ఒకరు తీర్చుకోవచ్చు.’ ఈ మాటకు పనికిరానిది ఎంత బాగున్నా పక్కన పెట్టేయండి.

తర్వాత మూడు అడుగులు. మొదటి అడుగు మాసిదోనియ సంఘాలు (1-5 వచనాలు). నిరుపేదలై ఉండి కూడా, యెరూషలేము పేదల సాయంలో తమకూ పాలు కావాలని పౌలును వాళ్ళే బతిమాలారు. ఇక్కడ సంఘాన్ని నిలదీయకండి, వాళ్ళలో ఉన్న మాసిదోనియను చూపించండి. మీ ఐదు ఇళ్ళ కాగితం ఇక్కడ పనికొస్తుంది. రెండో అడుగు తొమ్మిదో వచనం: ఆయన ధనవంతుడై యుండియు మన నిమిత్తము దరిద్రుడాయెను. ప్రసంగంలో ఎక్కువ సమయం ఇక్కడే గడపాలి. పశువుల తొట్టి, తల వాల్చుకోవడానికి చోటు లేని ప్రయాణాలు, అరువు సమాధి. ఇది లేకపోతే మిగిలేది నీతి పాఠమే. మూడో అడుగు 12 నుంచి 15 వరకు. ఉన్నదాన్ని బట్టే ఇవ్వాలి, లేనిదాన్ని బట్టి కాదని పౌలు స్పష్టంగా అంటాడు. ఒకరికి తేలిక చేసి ఇంకొకరి మీద బరువు వేయడం నా ఉద్దేశం కాదంటాడు. ఈ మాటను నెమ్మదిగా రెండుసార్లు చదవండి. అప్పుచేసి కానుక వేసిన మనిషి మీ ఎదురుగానే ఉండొచ్చు.

ఎనిమిదో వచనాన్ని కూడా దాటేయకండి. ‘ఆజ్ఞగా చెప్పడం లేదు’ అని పౌలే అన్నాక మనం ఆజ్ఞ వేయడం ఎలా?

ఆరంభం మాటలు కాగితం మీద పూర్తిగా రాసుకోండి, ఎందుకంటే మొదటి నిమిషంలోనే జనం మనసులు తలుపులు వేసుకుంటాయి. ఇలా మొదలుపెట్టొచ్చు: ‘ఈ రోజు ఇవ్వడం గురించి మాట్లాడుకుంటాం. కానుక ఇందాకే పట్టేశాం. మళ్ళీ సంచి రాదు. చివర్లో ఏమీ అడగను. మీలో కొందరు ఇప్పుడు ఇచ్చే స్థితిలో లేరని నాకు తెలుసు. వాళ్ళు కూడా హాయిగా కూర్చోండి, ఈ మాట మీకోసం కూడా.’ ఇచ్చిన మాట తప్పకండి. చివర్లో ‘అయినా మందిరం పని ఒకటి ఉంది’ అన్నారంటే, తర్వాత పదేళ్ళు ఎవరూ నమ్మరు.

ఉదాహరణలు మన ఊళ్ళోనే ఉన్నాయి

ఎక్కడో విదేశంలో కోటీశ్వరుడు తన సంపాదనలో ఎక్కువ భాగం ఇచ్చేసిన కథ మన చాపల మీదివాళ్ళకు తగలదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. ఎన్నో ఊళ్ళు రోజుల తరబడి కరెంటు లేక, తాగునీటికి అల్లాడాయి. అంతకు నాలుగేళ్ళ ముందు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలను కుదిపేసింది. ఆ రోజుల్లో ఎవరింట్లో జనరేటరు ఉంటే అక్కడ వీధంతా ఫోన్లు ఛార్జింగు పెట్టుకుంది. ఎవరి బోరు పనిచేస్తే అక్కడ బిందెలు వరసకట్టాయి. మీ ఊళ్ళో ఏం జరిగిందో పెద్దవాళ్ళను అడగండి, వాళ్ళకు బాగా గుర్తుంటుంది. అప్పుడు ఎవరూ కులం, సంఘం చూడలేదని ఎవరైనా చెప్తే అది ప్రసంగంలో చెప్పండి. చూశారని చెప్తే అది ఇంకా తప్పకుండా చెప్పండి.

పొలం నుంచి కావాలంటే పరిగె ఉంది. కోతప్పుడు చేను మూలలు పూర్తిగా కోయొద్దని, రాలినదాన్ని ఏరుకోవద్దని, బీదలకు, పరదేశులకు వదిలేయమని లేవీయకాండము 19:9-10 చెప్తుంది. రూతు అలాగే బోయజు పొలంలో ఏరుకుంది. వరి కోత మిషన్లు వచ్చాక మన పొలాల్లో ఏరుకోవడానికి మిగిలేది తక్కువ. మరి ఈ రోజుల్లో చేను మూల ఏది అని సంఘాన్నే అడిగి కాసేపు ఆగండి.

ఇచ్చిన మనిషి పేరు చెప్పొద్దు. కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకూడదని చెప్పిన ప్రభువు ముందు, పేర్లు చదివి చప్పట్లు కొట్టించడం బాగోదు. కోత పండుగ వేలంపాటలు కూడా ఒకసారి ఆలోచించుకోండి. గుమ్మడికాయకు వేలల్లో పాట పెరుగుతుంటే, చేటలో బియ్యం తెచ్చిన ఆమె వెనక్కి జరుగుతుంది. పాట మానక్కర్లేదు గానీ, ఆ బియ్యాన్ని కూడా అదే బల్ల మీద, అదే వరసలో పెట్టి దానికోసం కూడా ప్రార్థన చేయండి.

నోటికి రాకూడని మాటలు

‘ఇస్తే వంద రెట్లు వస్తుంది, మీ అప్పులు తీరిపోతాయి’ అనకండి. మాసిదోనియవాళ్ళు ఇచ్చాక ధనవంతులయ్యారని పౌలు ఎక్కడా రాయలేదు. ‘ఇవ్వలేదు కాబట్టే జబ్బు వచ్చింది’ అనకండి, ఉద్దానంలో అయితే అసలే వద్దు. ఇంటికి ఇంత అని మొత్తం చెప్పకండి. పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకుని, అంతా తెచ్చినట్టు చూపిన అననీయతో పేతురు అన్న మాట గుర్తుంచుకోండి: పొలం అమ్మక ముందు నీదే, అమ్మాక డబ్బు కూడా నీ చేతిలోనే ఉంది. అతని పాపం తక్కువ ఇవ్వడం కాదు, అబద్ధం.

మీ జీతం గురించి మీరు ప్రసంగించకండి. గలతీ 6:6, 1 తిమోతి 5:17-18 మంచి వాక్యాలే, సంఘం వినాల్సినవే. కానీ వాటిని సంఘ పెద్ద ఒకరు చదివి చెప్తే మీకూ బరువు తగ్గుతుంది, సంఘానికీ గౌరవంగా ఉంటుంది.

చదివి వినిపించుకోండి

శుక్రవారం రాత్రి ఫోనులో రికార్డు చేసి శనివారం పొద్దున వినండి. ముప్పై నిమిషాలు దాటితే కోయండి. బైబిలు గ్రాంథికం చదివాక, వివరణ మాత్రం మన ఊరి మాటలో ఉండాలి. ‘దాతృత్వము విస్తరించెను’ అని చదివి, ‘లేకపోయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు’ అని చెప్పండి. డబ్బు గురించి మాట్లాడేటప్పుడు గొంతు పెంచే అలవాటు చాలామందికి ఉంటుంది. రికార్డు వింటే అది తెలుస్తుంది. అక్కడ గొంతు తగ్గించండి.

లెక్క గోడ మీద ఉండాలి

ప్రసంగం ఎంత బాగున్నా లెక్క కనబడకపోతే గాలికి పోయినట్టే. తన తోటి పనివాడు తీతుతో పాటు సంఘాలు ఎన్నుకున్న ఇంకో సహోదరుణ్ణి పౌలు పంపాడు, డబ్బు విషయంలో ఎవరూ తప్పు మోపకూడదని, ప్రభువు దృష్టిలోనే కాకుండా మనుషుల దృష్టిలో కూడా అన్నీ సరిగా ఉండాలని (2 కొరింథీ 8:18-21). మనం కూడా అదే చేయాలి. ఒకే ఇంటివాళ్ళు కాని ఇద్దరు ఆరాధన అవగానే అక్కడే లెక్కపెట్టి, పుస్తకంలో ఇద్దరూ సంతకం పెట్టాలి. పాస్టరు గారు ఆ బల్ల దగ్గర ఉండకపోవడమే మంచిది. ఫోన్‌పేలో వచ్చింది కూడా అదే పుస్తకంలో ఎక్కాలి. ఆ ఖాతా సంఘం పేరున ఉండాలి, పాస్టరు గారి సొంత నంబరుకు రాకూడదు. నెలకొకసారి వచ్చింది, ఖర్చయింది, పేదలకు పోయింది అని మూడు వరసలు మందిరం గోడ మీద అంటించండి. మూడో వరస సున్నా ఉన్న నెలలో కూడా అంటించండి.

సంఘం ప్రసంగీకుడికి చేయాల్సినవి

పల్లె పాస్టరు వారమంతా ఆసుపత్రికీ, చావు ఇంటికీ, తగువు ఇంటికీ తిరిగి, శనివారం రాత్రి పదింటికి బైబిలు తెరిస్తే ఆదివారం ఏం చెప్తారు? అందుకే ఆయన తయారీ సంఘం బాధ్యత కూడా. వారంలో ఒక పూట, ఉదాహరణకు గురువారం ఉదయం, అత్యవసరమైతే తప్ప ఎవరూ పిలవకూడదని పెద్దలు నిర్ణయించి ఆరాధనలో ప్రకటించాలి. ఆయన అడిగి తెచ్చుకుంటే మొహమాటపడతారు, మీరే ప్రకటించాలి. ఏడాదికి ఒకటి రెండు మంచి వ్యాఖ్యాన పుస్తకాలు, ఒక బైబిలు నిఘంటువు సంఘం డబ్బుతో కొనండి. నాలుగు ఊళ్ళు తిరిగి వాక్యం చెప్పే ఆయనకు పెట్రోలు డబ్బు కానుకలో నుంచి కాకుండా విడిగా ఇవ్వండి.

ప్రసంగం మీద అభిప్రాయం చెప్పడానికి ముగ్గురిని ఎంచుకోండి, అందులో ఒక స్త్రీ, ఒక యవ్వనస్థుడు తప్పకుండా ఉండాలి. ఆదివారం మధ్యాహ్నం అలసిపోయి ఉంటారు, అప్పుడు వద్దు. మంగళవారం సాయంత్రం అరగంట కూర్చోండి. రెండే ప్రశ్నలు: ఏది గుర్తుండిపోయింది? ఎక్కడ మనసు మూసుకుపోయింది? ఆ మాటలు ఇలా నడిస్తే చాలు:

‘అయ్యగారూ, యేసయ్య దరిద్రుడయ్యాడని చెప్పినప్పుడు మా అత్త ఏడ్చేసిందండీ.’

‘అవునా అమ్మా. మరి ఎక్కడ ఇబ్బందిగా అనిపించింది?’

‘చివర్లో మనం ఇంకా ఎదగాలి అన్నారు కదండీ. మేము ఇచ్చేది తక్కువ అన్నట్టు వినబడింది.’

‘మంచి మాట చెప్పావమ్మా. ఆ వాక్యం తీసేస్తాను.’

ఈ మాట చెప్పే చనువు ఒక్కరోజులో రాదు. మొదటి నెలల్లో జనం ‘బాగుందండీ’ అని ఊరుకుంటారు, అయినా కూర్చోవడం మానకండి.

ఒంటరిగా పనిచేసే పాస్టర్లకు ఇంకో దారి ఉంది. నరసన్నపేట, టెక్కలి, చీపురుపల్లి, గజపతినగరం లాంటి బస్సు కలిసే చోట చుట్టుపక్కల నలుగురైదుగురు నెలకొకసారి కలవండి. బాప్టిస్టు, లూథరన్, పెంతెకొస్తు తేడా పెట్టుకోకండి. ఒకరు తన ప్రసంగం కాగితం చదవాలి, మిగతావాళ్ళు వాక్యభాగం తెరిచి పెట్టుకుని వినాలి. ఎవరి సంఘం ఎంత పెరిగిందనే మాట ఆ పూట రానివ్వకండి. చదివిన కాగితం మీద పెన్నుతో దిద్ది ఆయనకే ఇచ్చేయండి, వచ్చే నెల ఆయన దాన్ని సరిచేసి మళ్ళీ తీసుకురావాలి. టీ డబ్బు, బస్సు చార్జీ ఎవరి సంఘం వాళ్ళకు ఆ సంఘమే ఇస్తుంది.